లండన్–న్యూయార్క్: దూరం ఒకటే, సమయం వేరెందుకు?

లండన్‌లోని హీత్రూ విమానాశ్రయం నుంచి న్యూయార్క్ కెనడీ విమానాశ్రయానికి సుమారు 5,550 కిలోమీటర్లు. ఇది భూగోళంపై అతి దగ్గరి దారి. గ్లోబు మీద ఈ రెండు ఊళ్ల మధ్య దారం బిగించి చూడండి, తెలుస్తుంది. గోడ పటంలో మాత్రం అదే దారి ఉత్తరానికి వంగిన విల్లులా కనిపిస్తుంది.

వెళ్లేటప్పుడు దాదాపు 8 గంటలు, తిరిగి వచ్చేటప్పుడు 7 గంటలు పడుతుంది. తేడా అంతా గాలిదే. సుమారు 10 కిలోమీటర్ల ఎత్తున పడమటి నుంచి తూర్పుకు జెట్ ప్రవాహం అనే బలమైన గాలి వీస్తుంది. అటు వెళ్లే విమానానికి అది ఎదురుగాలి, ఇటు వచ్చేదానికి వెన్నుగాలి. 2020 ఫిబ్రవరిలో తుపాను గాలుల ఊతంతో ఒక విమానం 4 గంటల 56 నిమిషాల్లోనే లండన్ చేరింది!

టికెట్టు చూసి కంగారు పడకండి. లండన్‌లో ఉదయం 11కు బయలుదేరి న్యూయార్క్‌లో మధ్యాహ్నం 2కు దిగినట్లు ఉంటుంది. న్యూయార్క్ గడియారం లండన్ కంటే సాధారణంగా 5 గంటలు వెనక ఉంటుంది.