చదివింపుల పుస్తకంలో లేనివాళ్ళు

ప్రశ్న: పెరూ అంతర్యుద్ధంలో పోయినవాళ్ళు ఒక పుస్తకంలో 24 వేలు, ఇంకో పుస్తకంలో 69 వేలు అని ఉంది. మా అమ్మాయి కాలేజీకి వ్యాసం రాస్తోంది. ఏది వెయ్యమంటారు? అసలు శవమే దొరకని మనిషిని లెక్కలోకి ఎలా తెచ్చారు?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అమ్మా, రెండూ ఒక్క చోటి నుంచి వచ్చినవే. 1980 నుంచి 2000 దాకా సాగిన హింస మీద పెరూ సత్య, సయోధ్య కమిషన్ 2003లో నివేదిక ఇచ్చింది. చనిపోయినవాళ్ళూ, ఆచూకీ లేకుండా పోయినవాళ్ళూ కలిపి పేర్లతో సహా తేలింది 23,969 మంది. 69,280 అన్నది అంచనా.

అంచనా అంటే ఉజ్జాయింపు కాదు. మీ ఇంట్లో పెళ్ళి అనుకోండి. మీ తమ్ముడి దగ్గర చదివింపుల పుస్తకంలో 120 పేర్లున్నాయి. భోజనాల బంతుల దగ్గర నిలబడ్డ పిల్లాడు తను చూసిన 90 మందిని విడిగా రాశాడు. రెంటిలోనూ ఉన్నవాళ్ళు 60. అంటే పిల్లాడు చూసినవాళ్ళలో మూడింట రెండు వంతులే పుస్తకానికెక్కారు. ఆ లెక్కన 120 కూడా మొత్తంలో మూడింట రెండు వంతులే. వచ్చింది 180 మంది. రెండు జాబితాలూ కలిపితే ఉన్న మనుషులు 150. మిగతా ముప్ఫై మంది ఎవరి కంటా పడలేదన్నమాట.

ఈ కిటుకును జనన మరణాలకు పట్టించినవాళ్ళలో మనవాడొకడున్నాడని చెప్పకుండా ఉండలేను. గణాంకవేత్త చంద్రశేఖరన్, అమెరికా గణాంకవేత్త డెమింగ్‌తో కలిసి 1949లో ప్రచురించారు. కలకత్తా దగ్గర సింగూరులో రిజిస్టర్నీ, ఇంటింటికీ తిరిగి రాసిన జాబితానీ పక్కపక్కన పెట్టి చూశారు.

పెరూలో కమిషన్ తీసుకున్న దాదాపు 17 వేల వాంగ్మూలాలు, ప్రజల ఫిర్యాదులు విచారించే అంబుడ్స్‌మన్ కార్యాలయం జాబితా, హక్కుల సంఘాల జాబితాలు కలిపి చూశారు. అసలు కష్టం జత కలపడంలో ఉంది. అక్కడి కొండల్లో క్విస్పే అన్న ఇంటిపేరు మన వెంకటేశ్వర్లంత మామూలు. ఒకే మనిషిని రెండు స్పెల్లింగులతో ఇద్దరనుకుంటే ఉమ్మడి తగ్గి అంచనా ఉబ్బుతుంది. ఇద్దరిని ఒకరనుకుంటే కుంగుతుంది.

ఇంకో లొసుగు. చదివింపులు ఇచ్చుకోలేని చుట్టం సిగ్గుపడి బంతిలోనూ కూర్చోడు. రెండు పుస్తకాలూ ఆయన్ని ఒకేసారి వదిలేస్తాయి, అంచనా తగ్గిపోతుంది. చదువుకునే రోజుల్లో ప్రకాశం జిల్లా ఊళ్ళో ఆరు నెలల మరణాల సర్వేకి వెళ్ళాను. నా కాగితంలో నలుగురు. ఊరి రిజిస్టర్లో అయిదుగురు. నేను వదిలేసింది ఒంటరిగా ఉండే ముసలమ్మని. ఆ ఇంటికి తాళం ఉంది, అడగడానికి మనిషి లేదు, నేను పక్కింటికి వెళ్ళిపోయాను. పెరూలో హింస ఎక్కువగా సాగిన అయకూచో కొండల్లో ఇంటిల్లిపాదీ పోయిన చోట వాంగ్మూలం ఎవరిస్తారు? చచ్చిపోయినవాళ్ళలో నూటికి 75 మంది క్వెచువా లాంటి స్థానిక భాషల వాళ్ళేనని కమిషనే తేల్చింది.

పేచీలూ ఉన్నాయి. ప్రభుత్వంతో పోరాడిన మావోయిస్టు దళం షైనింగ్ పాత్ గెరిల్లాలు చంపినవాళ్ళు హక్కుల సంఘాల జాబితాల్లో తక్కువగా కనిపించడంతో ఆ భాగాన్ని నేరుగా కాక చుట్టుతిరుగుడుగా లెక్కకట్టారు. 2019లో సిల్వియో రెండన్ అనే ఆర్థికవేత్త అక్కడే తప్పు పట్టి, మళ్ళీ లెక్కవేసి, మొత్తం 48 వేలకు తెచ్చాడు. ఆయన మాట కొట్టిపారెయ్యలేం.

అమ్మాయిని రెండూ వెయ్యమనండి. 23,969 పక్కన ‘పేర్లు తెలిసినవారు’ అని, 69,280 పక్కన ‘అంచనా, 61,007 నుంచి 77,552 మధ్య’ అని. రెండన్ లెక్క గురించి కింద ఒక వాక్యం. మార్కులు తగ్గిస్తే నాకు రాయండి, మాస్టారికి నేను చెబుతాను.