బంపర్‌కు సగం కోత సరే, అద్దానికి ఎందుకు?

కావలి దగ్గర హైవే మీద మీ కారుకు లారీ తగిలితే బీమా కంపెనీ రిపేరు బిల్లులో సగమే ఇస్తానందని రాశారు. ఒళ్లు మండే మాటే, కానీ బంపర్ గురించి పోట్లాడి లాభం లేదండీ. జీరో డెప్ పాలసీ (అంటే తరుగు తీయకుండా చెల్లించేది) కాకపోతే ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు 50 శాతం తరుగు, అంటే వాడకం వల్ల తగ్గిన విలువ, తీయడం నిబంధనే. మీరు పెట్టిన బిల్లులో కారు ముందరి అద్దానికీ సగమే వేశారు చూడండి, అది అన్యాయం. అద్దానికి తరుగు లేదు. నష్టం లెక్కగట్టిన సర్వేయర్ నివేదిక నకలు తీసుకుని, ఆ ఒక్క పద్దు చూపిస్తూ కంపెనీ ఫిర్యాదుల విభాగానికి ఈమెయిల్ పంపండి. ఫోనులో ఎంత తియ్యగా మాట్లాడినా నమ్మకండి, రాతలో ఉండాలి. నెలలో జవాబు రాకపోతే హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు (బీమా కంపెనీల మీద ఫిర్యాదులు తేల్చే అధికారికి) రాయండి. నెల్లూరు జిల్లా దాని పరిధిలోదే. రుసుము లేదు, వకీలు అక్కర్లేదు.