బ్యాగ్‌ని తిరగేసి చూడు

చిరంజీవి బుజ్జికి,

పెదనాన్న ఆశీస్సులు. కొండలెక్కడానికీ రోజూ ఆఫీసుకీ పనికొచ్చేలా ఒకే బ్యాగ్ కొనుక్కుంటాననీ, ఏది తీసుకోవాలో చెప్పమనీ అడిగావు. నువ్వు పంపిన మూడు ఫోటోలూ చూశాను. మూడూ బాగున్నాయి, మూడూ బయటి నుంచి తీసినవే. బ్యాగ్ సంగతి బయటి నుంచి తెలియదమ్మా. షాపుకెళ్లాక ముందు జిప్ మొత్తం తీసి, ఉతికే ముందు చొక్కా తిరగేసినట్టు లోపలి భాగం బయటికి లాగి చూడు. షాపులో వాళ్లు ఏమనుకుంటారోనని మొహమాటపడకు.

ఇన్నేళ్లలో నేను ఏడెనిమిది బ్యాగులు పాడు చేశాను. వాటిలో బట్ట చిరిగిపోయింది ఒక్కటే, అదీ ముళ్లకంచె దూరబోయి నేను చేసుకున్నదే. మిగతావి అతుకుల దగ్గరో, జిప్ దగ్గరో, లోపలి పూత దగ్గరో పోయాయి. ఒకదానికి భుజం పట్టీ ఊడింది, రెండింటికి జిప్ పోయింది, ఒకదానికి లోపలి పూత పొట్టు పొట్టుగా రాలింది. అయినా అమ్మేవాళ్లు మాత్రం ఎప్పుడూ బట్ట గురించే చెబుతారు. "వెయ్యి డెనియర్ సార్, జీవితాంతం ఉంటుంది" అంటారు.

ఈ డెనియర్ అంటే ఏమిటో తెలిస్తే ఆ మాటకి నువ్వు పడిపోవు. 9000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగుతుందో అదే దాని డెనియర్. 210 గ్రాములు తూగితే 210 డెనియర్. అంటే అది దారం లావు చెబుతుంది, అంతే. ఆ దారం దేనితో చేశారో, ఎంత దగ్గరగా నేశారో చెప్పదు. అంకె పెద్దది కదా అని 600 డెనియర్ పాలిస్టర్‌ని చూసి 420 డెనియర్ నైలాన్ కన్నా గట్టిదనుకోకు. రాళ్లకి రాసుకున్నప్పుడు నైలాన్ ఎక్కువ ఓర్చుకుంటుంది. పాలిస్టర్‌కీ దాని గొప్ప దానికుంది. ఎండకి అంత త్వరగా బలం తగ్గదు, నీళ్లు తక్కువ పీలుస్తుంది. నీకైతే ఒళ్లంతా 210 నుంచి 420 దాకా నైలాన్, అడుగున మాత్రం 500 అటూ ఇటూ ఉంటే చాలు. 1000 డెనియర్ బ్యాగ్ గట్టిదే, కాదనను. కానీ ఖాళీగా ఉన్నప్పుడే బరువు, ఆ బరువు రోజూ మోసేది నువ్వు. బట్టమీద సన్నటి గళ్లు కనిపిస్తే అది రిప్‌స్టాప్. మధ్యమధ్యలో లావు దారాలు వేసి నేస్తారు, చిరుగు మొదలైనా ఆ గడి దగ్గర చాలావరకు ఆగిపోతుంది.

ఇక అసలు విషయం, భుజం పట్టీ మొదలు. బ్యాగ్ తిరగేశాక పట్టీ ఎక్కడ మొదలవుతుందో అక్కడ వేలు పెట్టి తడుము. పట్టీ కొస వీపు వైపు బట్టలోకి బాగా లోపలికి వెళ్లి, దాని మీద రెండు మూడు వరసల కుట్టు ఉండాలి. ఆ వరసల చివర్లో చిన్న గొంగళిపురుగులా దట్టమైన జిగ్‌జాగ్ కుట్టు కనిపించాలి, దాన్ని బార్‌ట్యాక్ అంటారు. బరువంతా వేలాడేది అక్కడే. ఇప్పుడు ఒక చేత్తో పట్టీ, ఇంకో చేత్తో బ్యాగ్ పట్టుకుని గట్టిగా గుంజు. కుట్టు మధ్య సూది రంధ్రాలు సాగి వెలుతురు కనబడిందంటే అక్కడే పెట్టేసి వచ్చేయ్. కుట్లు మరీ ఎడంగా ఉన్నా ప్రమాదమే, మరీ దగ్గరగా ఉన్నా ప్రమాదమే. ఎందుకంటే రంధ్రాలు ఎక్కువైతే బట్ట తపాలా బిళ్లల షీటులా ఆ గీత వెంటే చిరుగుతుంది. నా పట్టీ ఊడింది అలాగే. బస్సు ఎక్కుతూ ఒక భుజానికి తగిలించుకుని లాగాను. దారం తెగలేదు. దారం చుట్టూ ఉన్న బట్టే తెగి పీలికలా చేతికొచ్చింది.

లోపలి అతుకులు కూడా చూడు. రెండు బట్టలు కలిసిన చోట అంచులు పీచులు పీచులుగా వేలాడుతున్నాయా, లేక సన్నటి నాడా మడిచి కుట్టి కప్పేశారా? కప్పి ఉంటే మంచి పనివాడి చేయి పడిందని అర్థం. పీచులు కొత్తలో బానే ఉంటాయి. ఏడాదిలో జిప్‌లో ఇరుక్కుంటాయి, అతుకు కొంచెం కొంచెంగా విడిపోతుంది.

జిప్‌కి ఒక నంబరు ఉంటుంది, చాలాసార్లు లాగే ముక్క వెనక అచ్చేసి ఉంటుంది. జిప్ మూసినప్పుడు పళ్ల వెడల్పు సుమారు ఎన్ని మిల్లీమీటర్లో అదే ఆ అంకె. పెద్ద అరకి 8 గానీ 10 గానీ ఉండాలి, చిన్న జేబులకి 5 సరిపోతుంది. పెద్ద అరకి కూడా 5 వేశారంటే ఆదా ఎక్కడ చేశారో తెలిసిపోయినట్టే. వైకేకే అని ఉంటే మంచిదే, ఆ జపాన్ కంపెనీ జిప్‌లు నన్ను పెద్దగా మోసం చేయలేదు. కానీ పేరు చూసి ఊరుకోకు, జిప్ మూల తిరిగే దగ్గర ఐదారుసార్లు అటూ ఇటూ లాగి చూడు. మలుపు మరీ ఇరుకైతే కొత్తలోనే పట్టేస్తుంది. పళ్లు విడివిడిగా కాకుండా స్ప్రింగులా చుట్టి కుట్టిన కాయిల్ జిప్ మూలల్లో బాగా వంగుతుంది, బ్యాగ్‌కి అదే నయం. నీళ్లు ఆపుతుందని రబ్బరులా పూత పూసిన జిప్ ఒకటొస్తుంది. చూడ్డానికి సోకుగా ఉంటుంది, బిగుతుగా కదులుతుంది, భారీ వానలో నీళ్లు ఎలాగూ దూరుతాయి. నాకు దానిమీద మోజు లేదు.

ఒకసారి కొండ మీద వాన మొదలైంది. రెయిన్‌కోట్ తీసుకుని జిప్ మూశాను, రన్నర్ ముందుకు పోతోంది గానీ వెనక పళ్లు కలవడం లేదు. బ్యాగ్ నోరు తెరిచేసింది. తాడు చుట్టి కట్టుకుని దిగాను, లోపల బట్టలన్నీ తడిసి ముద్దయ్యాయి. కొత్త జిప్ వేయించాల్సిందేనేమో అనుకున్నాను. ఇంటికొచ్చాక చూస్తే పళ్లకి ఏమీ కాలేదు, అరిగింది రన్నర్. కటింగ్ ప్లేయర్‌తో రన్నర్ వెనక కొసని రెండు పక్కలా కాస్త నొక్కాను, మళ్లీ పట్టేసింది. మెల్లగా, కొంచెం కొంచెంగా నొక్కాలి సుమా, ఎక్కువైతే విరుగుతుంది. ఆ బ్యాగ్ అలా ఇంకో రెండేళ్లు నడిచింది. అందుకే జిప్ చెడిందని ఎవరన్నా చెప్పగానే బ్యాగ్ పారేయకు.

లోపలి పూత సంగతి చాలామందికి తెలియదు. నీళ్లు ఆగడానికి బట్ట లోపలి వైపు పాలీయూరితేన్ అనే సన్నటి పొర పూస్తారు. తేమా వేడీ కలిస్తే అది మెల్లగా కుళ్లుతుంది. నేను ఒక మంచి బ్యాగ్‌ని ఉతికి, సరిగా ఆరకుండానే ప్లాస్టిక్ కవర్లో చుట్టి అటక మీద దాచాను, జాగ్రత్త చేశాననుకుని! రెండేళ్ల తర్వాత తీస్తే అదో రకం పాడు వాసన, చేయి పెడితే జిగట, చొక్కాల మీదంతా తెల్లటి పొట్టు. వాడి వాడి పోయిన బ్యాగ్‌కి బాధ లేదు గానీ దాచి పోగొట్టుకున్నందుకు ఇప్పటికీ మనసొప్పదు. నువ్వు మాత్రం పూర్తిగా ఆరబెట్టి, గాలి ఆడే చోట వేలాడదీయి. వాషింగ్ మెషీన్‌లో వేయకు. మెత్తటి సబ్బుతో చేత్తో ఉతికి నీడన ఆరెయ్. ఎండ నైలాన్ బలాన్ని కూడా తింటుంది.

సైజు దగ్గర అందరూ ఆశపడతారు. ఉదయం వెళ్లి సాయంత్రం దిగే కొండకీ ఆఫీసుకీ కలిపి 25 నుంచి 28 లీటర్లు చాలు. 40 లీటర్లు కొంటే ఆఫీసుకి సగం ఖాళీ బ్యాగ్ వేలాడుతుంది, పైగా ఖాళీ ఉంది కదా అని ఏదో ఒకటి కుక్కుతావు. రెండు మూడు రోజులు టెంటుతో వెళ్లే ఆలోచన ఉంటే దానికి వేరే పెద్ద బ్యాగ్ అవసరం అవుతుంది, ఒక్కదానితో రెండు పనులూ కావు. ల్యాప్‌టాప్ పెట్టే అర కింది భాగం నేలకి తగలకుండా రెండు మూడు వేళ్లు పైకి ఉండాలి, లేదంటే బ్యాగ్ కింద పెట్టిన ప్రతిసారీ దెబ్బ దానికే. నడుం పట్టీ తీసి పెట్టుకునేలా ఉంటే ఆఫీసు రోజుల్లో అడ్డం రాదు. పక్క జేబులు సాగే వలతో కాకుండా మందపాటి బట్టతో ఉంటే ముళ్లకి చిక్కవు.

ఒంటికి సరిపోయిందో లేదో అద్దంలో చూస్తే తెలియదు. తల వంచితే మెడ వెనక కింద ఒక ఎముక పొడుచుకొస్తుంది కదా, అక్కణ్ణుంచి తుంటి ఎముకల పై అంచు ఎత్తుకి వీపు మీద కొలిపించుకో. కంపెనీలు చెప్పే టోర్సో కొలత అదే. నీ ఎత్తు చూసి అది చెప్పలేం, పొడుగ్గా ఉన్నవాళ్లకీ వీపు పొట్టిగా ఉండొచ్చు. ఖాళీ బ్యాగ్ తగిలించుకుని బాగుందనుకోకు. షాపులో ఏదో ఒకటి నింపించి ఆరేడు కిలోలు చేసి పావుగంట తిరుగు. పట్టీ భుజాన్ని ఆనుకుని వంగాలి, మధ్యలో సందు ఉండకూడదు. నడుం పట్టీ పొట్ట మీద కాదు, తుంటి ఎముక మీద కూర్చోవాలి. అప్పుడే భుజాల బరువు కాళ్లకి దిగుతుంది.

బకిల్స్ ప్లాస్టిక్కే కాబట్టి ఏదో ఒక రోజు కారు తలుపులో పడి విరుగుతాయి. కుట్టేసినవి కాకుండా పట్టీ లోంచి లాగేసి మార్చుకోగలిగినవి చూడు. వాన కవర్ విడిగా ఇస్తే తీసుకో గానీ నమ్ముకోకు. గాలికి లేచిపోతుంది, వీపు వైపు నుంచి నీళ్లు దిగుతాయి. సామాను ముందు మందపాటి ప్లాస్టిక్ సంచిలో వేసి, ఆ సంచి బ్యాగ్‌లో పెట్టుకుంటే ఏ వానకీ టెన్షన్ ఉండదు. ఇక జీవితకాలం గ్యారంటీ అంటే చిన్న అక్షరాలు చదువు. సాధారణంగా అది తయారీ లోపానికే, వాడి అరగదీసినదానికి కాదు. నేనైతే గ్యారంటీ కాగితం కన్నా రిపేరు చేసిచ్చే కంపెనీకి ఓటేస్తాను.

నువ్వు పంపిన వాటిలో మధ్యలోది, ఆ బూడిద రంగుది, నాకు కాస్త నచ్చింది. కానీ కొనేసెయ్ అని ఇప్పుడే అనను. షాపుకెళ్లి ఇంకో మూడు ఫోటోలు తీసి పంపు: తిరగేశాక పట్టీ మొదలు, జిప్ మూల మలుపు, లోపలి అతుకు. మీ అమ్మ చేత వీపు కొలిపించుకుని ఆ అంకె కూడా రాయి.

నీ పెదనాన్న