ఇన్సూరెన్స్ వాళ్లు ఉచితంగా టీకా వేస్తామంటే నాన్నగారికి వేయించొచ్చా?

ప్రశ్న: మా నాన్నగారికి 71 ఏళ్లు. పదేళ్లుగా షుగర్, బీపీలకు మందులు వాడుతున్నారు. ఆయన పాలసీ ఉన్న ఇన్సూరెన్స్ కంపెనీ, మా వీధి చివర క్లినిక్‌తో కలిసి 60 దాటినవాళ్లకు ఫ్లూ, న్యుమోనియా టీకాలు ఉచితంగా వేస్తామని మెసేజ్ పెట్టింది. ఫారంలో జబ్బుల వివరాలు అడిగారు. అవి రాసిస్తే ప్రీమియం పెంచుతారేమో, రేపు క్లెయిమ్ ఆపుతారేమో అని నాన్నగారు వద్దంటున్నారు. ఏం చేయమంటారు? - ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: వేయించండమ్మా. షుగర్ ఉన్న 71 ఏళ్ల మనిషికి ఈ రెండు టీకాలూ నేనైనా రాస్తాను. మన దగ్గర టీకా అంటే చంటిపిల్లలకే అనుకుంటాం, ప్రభుత్వం వేసేవీ ఎక్కువగా పిల్లలకూ గర్భిణులకే. పెద్దవాళ్లు సొంత డబ్బుతో వేయించుకోవాల్సిందే, మామూలు పాలసీలేమో ఆసుపత్రిలో చేరితేనే డబ్బిస్తాయి. న్యుమోనియాతో వారం రోజులు ఐసీయూలో ఉండి బయటపడ్డ ఒక పెద్దాయన నన్ను అడిగిన మాట ఇప్పటికీ గుర్తుంది: "దీనికి టీకా ఉందని ముందే ఒక్కరైనా చెప్పలేదేం డాక్టరుగారూ?" ఆ ఐసీయూ బిల్లు కట్టేకంటే టీకాకి డబ్బిస్తే నయమని కంపెనీ లెక్క వేసుకుంటోంది, వేసుకోనివ్వండి, ఆ లెక్కలో నాన్నగారి మేలు కూడా ఉంది.

ఇక ఆయన భయం. పాలసీ తీసుకున్నప్పుడే షుగర్, బీపీ రాసి ఉంటే ఈ ఫారంలో కొత్తగా బయటపడేది ఏమీ లేదు. ఇన్సూరెన్స్ కంపెనీలను నియంత్రించే సంస్థ ఐఆర్‌డీఏఐ నిబంధనల ప్రకారం, ఫలానా ఆయన క్లెయిమ్ చేశాడని రెన్యువల్‌లో ఆయన ఒక్కడికే ప్రీమియం పెంచకూడదు, 2025 జనవరి నుంచి సీనియర్ల ప్రీమియం ఏడాదిలో 10 శాతానికి మించి పెంచాలంటే కంపెనీ ముందుగా ఐఆర్‌డీఏఐని సంప్రదించాలి. వరసగా 5 ఏళ్లు నడిచిన పాలసీలో, మోసం రుజువైతే తప్ప, జబ్బు చెప్పలేదన్న కారణంతో క్లెయిమ్ తోసిపుచ్చే వీలూ లేదు. ఒకవేళ అప్పట్లో రాయకపోయి ఉంటే ఇప్పుడైనా కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేయండి. అంతేగానీ క్లినిక్‌లో మాత్రం ఏదీ దాచొద్దు. రక్తం పలచబడే మందులు వాడుతున్నారా, ఇంతకుముందు ఏ టీకాకైనా ఎలర్జీ వచ్చిందా అన్నది అక్కడి డాక్టరుకి తెలియాలి. రక్తం పలచబడే మందు వాడుతుంటే టీకా వేసిన చోట కాసేపు గట్టిగా అదిమి పట్టుకుంటే చాలు, మందు మానక్కర్లేదు.

ఇలాంటి ఉచిత టీకా క్యాంపుల్లో నాకుండే బెంగ వేరు. ఈ టీకాలు 2 నుంచి 8 డిగ్రీల చలవలో ఉండాలి. ఎండలో బల్ల వేసి, దాని మీద టీకాలు పరిచి కనిపిస్తే వేయించుకోకుండా వచ్చేయండి. ఫ్రిజ్‌లోంచో ఐస్ ప్యాక్‌లున్న పెట్టెలోంచో అప్పుడే తీస్తున్నారా చూడండి, సిరంజి మీద గడువు తేదీ మీరే చదవండి. ఫ్లూ ఒక చేతికి, న్యుమోనియా ఇంకో చేతికి ఒకే రోజు వేయొచ్చు. వేశాక అరగంట అక్కడే కూర్చోబెట్టండి. ఆ రాత్రి చెయ్యి నొప్పి, కాస్త ఒళ్లు వెచ్చబడటం మామూలే, టెన్షన్ వద్దు. ఫ్లూ ఇంజెక్షన్‌లో బతికున్న వైరస్ ఉండదు, దానివల్ల ఫ్లూ రాదు. ఇప్పుడు జ్వరంగా ఉంటే మాత్రం తగ్గాక వెళ్లండి.

న్యుమోనియా టీకా ఏ రకమో కార్డు మీద రాయించుకోవడం మర్చిపోకండి. న్యుమోనియా తెచ్చే ఒక బ్యాక్టీరియాలో 20 రకాలకి పనిచేసేది అయితే ఒక్క డోసుతో సరి, 13 రకాలది అయితే ఏడాది తర్వాత 23 రకాలది ఇంకోటి వేయించాలి. ఆ రెండో డోసు కూడా ఉచితమేనా అని ఇప్పుడే అడగండి, ఎందుకంటే పాలసీ ఏడాదికోసారి మారుతుంది, ఈసారి డబ్బిచ్చినవాళ్లు వచ్చేసారి ఇవ్వకపోవచ్చు. ఫ్లూ టీకా ఏటా వేయాల్సిందే, మనకైతే వానలు పడకముందే వేయిస్తే మంచిది.

అమ్మగారి గురించి రాయలేదు మీరు. ఆవిడకీ 60 దాటి, అదే పాలసీలో ఉంటే ఇద్దరినీ కలిపి తీసుకెళ్లండి.