సెఖ్‌మెట్‌కి సింహం ముఖం ఎందుకు?

ప్రశ్న: ఈజిప్టు దేవత సెఖ్‌మెట్ రోగాలు తెచ్చేదా, తగ్గించేదా? ఆ సింహం ముఖం ఎందుకు?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: రెండూనండీ. మన అమ్మవారికి చల్లబెట్టినట్టే అక్కడా శాంతి చేసేవారు. ఆమె పూజారుల్లో వైద్యులూ ఉండేవారు. సింహం ముఖం ఆమె ఉగ్రత్వానికి గుర్తు. తిరగబడ్డ మనుషుల మీదికి సూర్యదేవుడు రా ఆమెను పంపాడట. చంపడం మొదలుపెట్టాక ఆగలేదు. చివరికి ఎర్రమట్టి రంగు కలిపిన 7,000 కుండల బీరు పొలాల్లో పారబోయిస్తే, నెత్తురనుకుని తాగి మత్తులో మనుషుల్ని మరిచిపోయింది. నాకెంతో ఇష్టమైన కథ ఇది; దేవుడే జాలిపడి ఉపాయం వెతికాడు కదా!

క్రీ.పూ. 14వ శతాబ్దంలో ఈజిప్టు రాజు మూడో అమెన్‌హోటెప్ ఆమె విగ్రహాలు వందల్లో చెక్కించాడు. లండన్ బ్రిటిష్ మ్యూజియంలో కొన్ని ఉన్నాయి. కూర్చున్న విగ్రహం కనిపిస్తే చేతులు చూడండి: తొడల మీద పెట్టుకుని, ఒక చేత్తో ప్రాణానికి గుర్తయిన అంఖ్ పట్టుకుని ఉంటుంది.