తేనెటీగ విషంతో మొటిమలు తగ్గుతాయా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 22 ఏళ్లు. హనుమకొండలో హాస్టల్‌లో ఉండి గ్రూప్స్‌కి చదువుతున్నాను. రెండేళ్లుగా చెంపల మీద, గడ్డం మీద ఎర్రగా చీము పట్టిన మొటిమలు. తేనెటీగ విషం కలిపిన కొరియా సీరం రీల్స్‌లో చూసి ఆర్డర్ పెట్టాను. ములుగు దగ్గర మా మేనమామకు తేనె పెట్టెలున్నాయి. ఆయనేమో "సీరం ఎందుకే, రెండు ఈగలతో కుట్టించుకుంటే పోతాయి" అంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: కుట్టించుకోవడం మాత్రం వద్దే వద్దు, మీ మామకు నా మాటగా చెప్పండి.

అయితే మీరు చూసిన రీల్ ఉత్త గాలి కబురేం కాదు. ఎండిన తేనెటీగ విషంలో దాదాపు సగం మెలిటిన్ అనే పదార్థమే, మొటిమల్లో వాపు పెంచే బ్యాక్టీరియా పొరకు అది చిల్లులు పెడుతుందని ల్యాబుల్లో చూశారు. దక్షిణ కొరియాలో మనుషుల మీద కూడా పరీక్షించి 2013లో ఫలితం బాగుందనే రాశారు. కానీ ఎంతమంది మీదనుకున్నారు? 12 మంది, అదీ రెండు వారాలు. మీ హాస్టల్‌లో ఒక ఫ్లోర్ అమ్మాయిలంత మంది కూడా ఉండరు. దాన్ని పట్టుకుని మందు అనేయలేం.

పైగా మెలిటిన్‌కి తనా పరా లేదు, మన ఎర్ర రక్తకణాలకూ అలాగే చిల్లులు పెడుతుంది. అందుకే క్రీముల్లో శుద్ధి చేసిన విషాన్ని కొలిచి, చాలా కొద్దిగా కలుపుతారు. మామ పెట్టెలోని ఈగకు కొలత ఎక్కడిది? ముల్లు చర్మంలోనే దిగబడిపోతుంది, ఈగ పోయాక కూడా ముల్లుకు అంటుకున్న సంచి విషాన్ని లోపలికి నెడుతూనే ఉంటుంది. మొహం మీదైతే కన్ను మూసుకుపోయేంత వాపు, ఎలర్జీ ఉంటే నిమిషాల్లో ఊపిరాడదు. ఇదివరకు కుడితే ఏం కాలేదుగా అంటారేమో, స్పెయిన్‌లో 55 ఏళ్ల ఒకావిడ రెండేళ్ల పాటు నెలకోసారి ఇలా కుట్టించుకుంటూ ఉండి, చివరికి ఒకసారి కుట్టించుకున్నప్పుడు ఎలర్జీ వచ్చి చనిపోయింది.

మీకు కావాల్సింది మెడికల్ షాపులోనే ఉంది. పొద్దున 2.5 శాతం బెంజాయిల్ పెరాక్సైడ్ జెల్, రాత్రి బఠాణీ గింజంత 0.1 శాతం అడాపలీన్ మొహమంతా పల్చగా (గర్భం ఉంటే ఇది వద్దు). మొదట్లో మంట పుట్టి చర్మం పొట్టు రాలుతుంది, చాలామంది అక్కడే మానేస్తారు, మీరు మానకండి, రోజు విడిచి రోజు రాసైనా 12 వారాలు ఓపిక పట్టండి. బెంజాయిల్ అంటుకుంటే రంగు బట్టలు వెలిసిపోతాయి కాబట్టి మంచి చున్నీలు జాగ్రత్త. షాపువాడు స్టెరాయిడ్ క్రీము చేతిలో పెడితే తీసుకోవద్దు, వారంలో నున్నగా చేసి, మానగానే రెట్టింపు మొటిమలు తెస్తుంది. గుంటలు పడుతున్నా, నెలసరి తప్పుతున్నా వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో స్కిన్ ఓపీకి వెళ్లండి.

ఇక సీరం సంగతి. ఎప్పుడైనా తేనెటీగ కుట్టి ఒళ్లంతా దద్దుర్లో ఆయాసమో వచ్చి ఉంటే ఆ సీసా మూత కూడా తీయొద్దు, రిటర్న్ పెట్టేయండి.