బెంగళూరు మారతహళ్లిలో మా మేడ మీద అట్టపెట్టెలో, బల్బు వెచ్చదనంలో ఇరవై కోడిపిల్లలను పెంచుతున్నాం. మూడు వారాల ఈ పిల్లలు ఒకదాన్నొకటి రక్తం వచ్చేలా పొడుచుకుంటున్నాయి, ఏం చేయాలి?

ముందు దెబ్బ తిన్న పిల్లను వేరు చేయండి. మిగతావన్నీ తర్వాత. ఎర్రటి రక్తం కనిపిస్తే కోళ్లు ఆగవు. ఒకటి మొదలుపెడితే మందంతా అక్కడే పొడుస్తుంది, ఒక్కోసారి చచ్చేదాకా. గోరువెచ్చని ఉప్పునీటితో గాయం కడిగి, పసుపు గానీ మందుల దుకాణంలో దొరికే ఊదారంగు జెన్షియన్ వయొలెట్ గానీ పూయండి. ఊదారంగు మందు ఎరుపును కూడా కప్పేస్తుంది. గాయం పూర్తిగా మానాకే గుంపులో కలపాలి.

ఇక అసలు కారణం. మీ అట్టపెట్టె రెండడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, అందులో ఇరవై పిల్లలు అన్నారు. అంటే నాలుగు చదరపు అడుగులు! ఈ వయసులో పిల్లకు కనీసం అర చదరపు అడుగు కావాలి, ఎనిమిది వారాలకు ఒక చదరపు అడుగు. పెట్టె ఇప్పుడే మార్చండి.

బెంగళూరు రాత్రుల చలికి బల్బు పెట్టడం సరైనదే, కానీ రాత్రంతా తెల్లటి కాంతి వాటిని రెచ్చగొడుతుంది. ఎర్ర బల్బు పెట్టండి. పిల్లలు బల్బుకు దూరంగా రొప్పుతూ ఉంటే వేడి ఎక్కువైనట్టు, కిందే గుమిగూడితే తక్కువైనట్టు. ఉక్కపోత కూడా పొడుచుకోవడానికి ఒక కారణమే.

వట్టి నూకలే వేస్తున్నారా? మాంసకృత్తులు చాలక ఈకలు పీకి తింటాయి. కోడిపిల్లల కోసమే మాంసకృత్తులు కలిపి అమ్మే చిక్ స్టార్టర్ మేత వాడండి. మేత, నీళ్ల పాత్రలు రెండేసి చోట్ల ఉంచండి. ఓ కొత్తిమీర కట్ట వేలాడదీస్తే దాన్ని పొడుస్తూ కాలక్షేపం చేస్తాయి. ఇరవై పిల్లల కోసం, పొడుచుకోకుండా ముక్కు కొసలు కత్తిరించే పని మాత్రం పెట్టుకోవద్దు.